దిగేటప్పుడు తగిలినవి

కణేకల్లు దాటినాక హగరి కనిపిస్తుంది
నీళ్లుండి కాదు, ఇసుక మెరిసి.
దాన్ని ఎడమ రెక్క కింద పెట్టుకుని కొంతదూరం వచ్చి తిరిగితే
రెండు బోడిగుట్టల సందున
ఎవరో గనుల కాంట్రాక్టరు వేయించి, లెక్కలు తేలక వదిలేసిన
ఎర్రమట్టి గీత.
కాగితం మీద ఏడు వందల మీటర్లు.
చివరి అరవై కంపచెట్లవి.

రెండున్నర గంటలు తిరిగాను.
మబ్బులు లేక కాదు.
ఏకిన దూదిలా పలచగా, ఎవరి పనిమీద వాళ్లు
తాడిపత్రి వైపు పోతున్నాయి.
కడుపుతో ఉన్నది ఒక్కటి దొరికితే
దాని అడుగున దూరి ఉప్పుబత్తీలు కాల్చాలి, అదీ నా ఉద్యోగం.
రెక్కల కింద పన్నెండు బత్తీలు.
పన్నెండూ అలాగే.

"సార్, తిప్పేస్వామిని," సెట్లో గొంతు.
"పడమటి గాలి. గట్టిగుండాది. గొర్రెల్ని తోలేసినా.
ఒక పొట్టేలు మాత్రం మాట ఇంటల్యా."

గాలిసంచి కనిపిస్తోంది.
కంపెనీది చిరిగిపోతే వాళ్లావిడ పాత చీరతో కుట్టించాడు
పసుపు మీద గోధుమరంగు గళ్లు.
అది ఉబ్బి అడ్డంగా నిలబడిందంటే పదిహేను నాట్లు.

నాట్లు.
నేను వేగాన్ని కొలిచే మాట.
ఇక్కడ అది కాలవ కింద పొలమున్నవాళ్ల మాట.
మొదటిరోజు "డెబ్బై నాట్లతో దిగాలి" అంటే
తిప్పేస్వామి చాలాసేపు ఆలోచించి
"అంతమంది కూలోళ్లు యాడ దొరుకుతారు సార్" అన్నాడు.

పొద్దు కళ్లల్లో పడుతోంది.
ఫ్లాప్స్ పూర్తిగా దించి, ముక్కు కొంచెం ఎత్తి
కుండలో అడుగు నీళ్లు వంచినట్టు
వేగాన్ని వంచుతున్నాను.
పెద్ద రన్‌వే మీద తప్పు చేయడానికి చోటుంటుంది.
ఇక్కడ తప్పుకీ కొలత ఉంది:
గాలిమరల తీగ దాటాక
సున్నం కొట్టిన మూడో రాయి లోపు చక్రం తగలాలి.
తగలకపోతే మళ్లీ లేవాలి, గుట్ట వచ్చేలోపు.
గుట్ట ఎవరికీ మాటివ్వలేదు.

వంక అవతలే ఉన్నానింకా
అద్దం మీద టపటపమని ఏవో.
చినుకులనుకున్నాను, ఒక్క క్షణం, సిగ్గులేకుండా.
కావు. మెత్తగా నలిగి గీతలయ్యాయి.
చూసే తీరిక లేదు.
మొదటి రాయి
రెండో రాయి
రెక్కలు ఇక మొయ్యలేమని సన్నగా కూత మొదలై
మట్టి.
పొట్టేలు అప్పుడు పక్కకు జరిగింది
నా కోసం కాదు, దానికి తోచి.

ఇంజను ఆగాక
తిప్పేస్వామి రెక్క కిందికి వంగుతాడు. రోజూ అంతే.
ఏమీ అడగడు. బత్తీలు లెక్కపెడతాడు.
సాయంత్రం టీ అంగడిలో చెప్పాలి కదా
ఊడలు దిగుతున్న చెనిక్కాయ చేలు
ఇంకో వారం ఆగుతాయో లేదో అని కూర్చున్నవాళ్లకి.
ఈరోజు పన్నెండు దాకా వచ్చి
మళ్లీ మొదటినుంచి లెక్కపెట్టాడు.
నేను హెడ్‌సెట్ చేతిలో పట్టుకుని నిలబడ్డాను
వాయిదా అడగడానికి వచ్చిన బాకీదారులా.

అప్పుడు రెక్క అంచుని గోటితో గీకి
వేలు కళ్లదగ్గరకు తెచ్చుకున్నాడు.
"ఇవి యాడ తగిలినాయి సార్?"
"దిగేటప్పుడు. వంక అవతల."
"ఉసుళ్లు."

నేల తడిస్తే గాని పుట్టలోంచి లేవనివి.
అంటే రాత్రెప్పుడో, నేను లాడ్జిలో నిద్రపోతుండగా
ఎవరూ బత్తి కాల్చకుండా, ఎవరూ రిజిస్టర్లో రాయకుండా
ఒక మబ్బు తనంతట తాను.

వంక వైపు చూశాడు. నవ్వో కాదో తెలియలేదు.
"అట్లయితే ఎర్రిస్వామి చేనికి పడింది" అన్నాడు.
"నా బామ్మర్ది. ఆరేండ్లాయ మాటల్లేక."

అద్దం తుడవడానికి తడిగుడ్డ కోసం పోయాడు.
సగం దూరం పోయి తిరిగి
"ఎడమ రెక్క మీదివి అట్లే ఉండనీ సార్,
మా ఆడమనిషికి చూపించల్ల.
వాళ్ల తమ్ముని చేను కదా."